దూది కరిచిన గంట

దూది ఉండ దవడల మధ్య పెట్టి, గట్టిగా కరిచి పట్టుకోమని, గోడ మీది గడియారం చూపించింది డాక్టరమ్మ హేమశ్రీ. పదీ నలభై. "పదకొండూ నలభై దాకా తీయకూడదండి మామ్మగారూ. ఉమ్మకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడారంటే రక్తం ఆగదు," అంది. పక్కనే నిలబడ్డ నా మనవరాలు పావని కిసుక్కున నవ్వి, "రెండు పళ్ళు పీకడం తేలికేనండీ, మా మామ్మని గంటసేపు మాట్లాడకుండా కూర్చోబెట్టడం ఎవరివల్లా కాదండి. మా తాతయ్యే చేతులెత్తేశాడు," అంది. డాక్టరమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వుదామంటే కింది పెదవి నాది కాదు, సూదిమందుకి మొద్దుబారి ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. దవడలో నొప్పి లేదు, ఉప్పటి రుచి మాత్రం నాలిక కిందికి దిగుతోంది. పావని ఫోన్‌లో గంటకి అలారం సెట్ చేసి, నా రెక్క పట్టుకుని బయట హాల్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

హాల్లో రెండు బెంచీలు ఎదురెదురుగా ఉన్నాయి. వీధి తలుపు తీసే ఉంది. మండపేట రోడ్డు మీద ధాన్యం లారీలు వెళ్తుంటే కిటికీ అద్దాలు టకటకా కొట్టుకుంటున్నాయి, మిల్లుల ఊక నలుసులు గుమ్మంలో ఎండలో తేలుతున్నాయి. కళ్ళజోడు సర్దుకుని చూద్దును గదా, ఎదురు బెంచీ మీద సంపూర్ణ. నోటికి పమిట చెంగు అడ్డం పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, బళ్ళో కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుంది. మా ఊరి లూథరన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన సంపూర్ణమ్మ టీచరు గారు. ఒకటి నుంచి మూడు దాకా నాతో ఒకే చాప మీద కూర్చున్న సంపూర్ణ. మూడుతో నన్ను మానిపించి దూడల వెంట పంపారు, తను చదువుకుంటూ పోయింది, అయినా స్నేహం తెగలేదు. మా ఆవకాయ వాళ్ళింటికి, వాళ్ళ క్రిస్మస్ కేకు మా ఇంటికి, బల్లకట్టు మీద కాలవ దాటి అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. ఆ సంపూర్ణ నాతో మాట్లాడి ఇరవై రెండేళ్ళు. ఒకే ఊరు, మధ్యన ఒక్క కాలవ, రోజూ కనబడుతుంది, కనబడగానే తల తిప్పుకుంటుంది. ఈ ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళిపోతోందట. ఇల్లు ఇచ్చేశారు, కూతురు ఆశాజ్యోతి మొగల్తూరు తీసుకుపోతోంది, ఇక ఈ వైపు రావడం ఉండదని పదిరోజుల కిందట పాలావిడ చెప్పింది. అప్పటినుంచీ ఒక్కసారి మాట్లాడాలని, ఎక్కడ మొదలెట్టాలని, ఏమని చెప్పాలని రోజుకి వంద సార్లు లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఎదురుగా నాలుగడుగుల దూరంలో కూర్చుంది, నా నోట్లో దూది ఉంది, లోపలికి పిలవడానికి తన ముందు ఇద్దరే ఉన్నారు.

నన్ను చూసింది. చూసి, గోడ మీది బొమ్మ వైపు, పళ్ళు తోముకుంటున్న కుర్రాడి బొమ్మ వైపు తల తిప్పుకుంది.

పావనికి ఇదేం తెలియదు, అది పుట్టకముందు సంగతి. డీఎస్సీ పరీక్షకి ఇంగ్లీషు చదువుతోంది, ఎక్కడికెళ్ళినా ఆ లావు గైడు సంచిలో ఉంటుంది. తీసి ఒళ్ళో పెట్టుకుని, "మామ్మా, నువ్వెలాగూ మాట్లాడవు, నేను చదువుతాను విను. ఇంగ్లీషులో సెట్ అన్న ఒక్క మాటకే మా గైడులో నాలుగు పేజీలున్నాయి. ఇవన్నీ ఎవడు గుర్తు పెట్టుకుంటాడో చెప్పు," అంది. నాలుగు పేజీలా? దూది లేకపోతే చెప్పేదాన్ని, ఆ నాలుగు పేజీలూ నా కాపురంలోనే ఉన్నాయని. నేను కాపరానికి వచ్చేనాటికి మా ఇంటి అరుగు గోడ మీద నీలం రంగుతో రాసి ఉంది, జగన్నాథరావు మైకు సెట్ అని. మా ఇంటికొచ్చిన మొదటి ఇంగ్లీషు మాట అదే, అన్నం పెట్టిందీ అదే. ఆయన మైకు సెట్టు, మా బావగారి పంపు సెట్టు, మా అత్తగారి స్టీలు డబ్బాల సెట్టు, ఆడపడుచు పెళ్ళికి గాజుల సెట్టు. తర్వాత తర్వాత అది వస్తువు నుంచి దిగి మనుషుల మీదికొచ్చింది. సంబంధం సెట్ అయ్యింది అంటారు, ఈ రంగు మీకు సెట్ అవదండీ అంటాడు బట్టల కొట్టువాడు, వంకాయ నాకు సెట్ అవదని మా అల్లుడు కంచం పక్కకి నెడతాడు, ఆ నలుగురూ ఒక సెట్టు అంటారు ఎవర్నైనా తిట్టాలంటే. మూడో తరగతి చదువుతో ఇన్ని తెలుసు నాకు. ఈ పిల్ల గైడు కొని చదువుతోంది.

"సన్‌సెట్, పొద్దు కుంకుట," అని చదివింది పావని, పేజీ మీద పెన్సిలుతో గీసుకుంటూ. పొద్దు కుంకడం అనగానే ధవళేశ్వరం దగ్గర ఆగిపోయిన బస్సు గుర్తొచ్చింది నాకు. రాజమండ్రి నుంచి ఇద్దరం వస్తున్నాం. టైరు పంక్చరయితే అందర్నీ దింపేశారు, గట్టు మీద నిలబడ్డాం. ఎదురుగా ఆనకట్ట, తలుపుల మీదుగా నీళ్ళు, అవతల పడమటి వైపు సూర్యుడు ఎర్రగా దిగిపోతున్నాడు, గోదారి అంతా రాగి చెంబు తోమి బోర్లించినట్టుంది. సంపూర్ణ చేతిలో చిన్న అద్దం పెట్టుకుని, నోరు తెరిచి, కొత్త పళ్ళు చూసుకుంటోంది. పైన ముందువి నాలుగు. అవి కట్టించడానికే వెళ్ళాం, నాలుగు సార్లు, ప్రతిసారీ ఊళ్ళో ఒక అబద్ధం చెప్పి, నేనే తోడు. "బాగున్నాయా మాణిక్యం?" అంది. సినిమా హీరోయిన్‌లా ఉన్నావే అన్నాను. నెల రోజుల తర్వాత అప్పుడు నవ్వింది. నవ్వి, వెంటనే నవ్వాపేసి, "రేవులో జారిపడ్డానని చెప్పాను అందరికీ. అలాగే ఉండనీ. నీకు తప్ప ఎవరికీ తెలియదు," అంది. నా నోరు దాటదే సంపూర్ణా అన్నాను. అద్దం మూసి జాకెట్లో పెట్టుకుంది. కొత్త టైరు వేసి డ్రైవరు హారన్ కొట్టాడు, ఎక్కాం. కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

దూది తడిసి బరువెక్కుతోంది. మింగాలో వద్దో తెలియదు. గడియారంలో పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. తన ముందు ఇద్దర్లో ఒకావిడ లోపలికి వెళ్ళింది. నా నోరు దాటదు అన్నాను, రెండేళ్ళు దాటలేదు కూడా. మా ఇంటాయనకి చెప్పలేదు, మా అక్కకి చెప్పలేదు. రెండేళ్ళు నేను ఒక మాట దాచానంటే మా వాళ్ళెవరూ నమ్మరు. దాచినవన్నీ ఆశాజ్యోతి పెళ్ళినాడు పోయాయి.

మైకు సెట్టు మాదే మరి. వద్దన్నా వినకుండా సంపూర్ణ బాడుగ ఇవ్వబోయింది, ఆయన తీసుకోనన్నాడు, చివరికి ఒక కోడిపుంజు దగ్గర రాజీ పడ్డారు. చర్చి మీద ఒక హారను, కొబ్బరి చెట్లకి రెండు, కాలవ గట్టున మగపెళ్ళివారు దిగిన బడి వైపు ఇంకొకటి. మూడు కట్టేసి నాలుగోదానికి ఆయన చెట్టెక్కాడు. చర్చి పక్క గదిలో మెషీను పెట్టాడు. పిల్లలు మీటలు తిప్పేస్తారని నన్ను కాపలా కూర్చోబెట్టడం ప్రతి పెళ్ళిలోనూ అలవాటే. నేను మల్లెపూలు మాలలు కడుతూ కూర్చునేదాన్ని, అలా ఎన్ని పెళ్ళిళ్ళలో కట్టానో. మెషీను మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఎర్ర దీపం అంటే ఆగి ఉన్నట్టని నా లెక్క. రైలు గేటు దగ్గర ఎరుపు పడితే ఆగమనే కదా. ఇన్నేళ్ళు దాని పక్కన కూర్చున్నానే, ఎరుపంటే ఏంటండీ అని ఆయన్ని ఒక్కసారి అడగలేదు. మైకు బల్ల అంచున ఉంది, పూలబుట్టకి అడ్డమని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. లోవలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది, మా వీధిలో ఇస్త్రీ చేసే పిల్ల. "టీచరు గారి పళ్ళు ఎంత బాగుంటాయండీ పిన్నిగారూ, ముత్యాల్లాగ. ఏ పొడితో తోముతారో," అంది.

ముత్యాలేంటే, సెట్టు, అన్నాను. పై నాలుగూ కట్టించినవే, రాజమండ్రి నేనే తీసుకెళ్ళాను. రేవులో జారిపడిందంటారు గానీ, రేవేంటి, వాళ్ళాయన ఏసురాజు గారు ఇత్తడి చెంబు పెట్టి కొడితే రాలిపోయాయి. ఆ మర్నాడు నోటికి గుడ్డ కట్టుకుని బడికెళ్ళి పాఠం చెప్పింది, ఎంత గుండె ధైర్యం ఉండాలే దానికి, అన్నాను. పొగుడుతున్నానే అనుకున్నాను. అవతల ఎక్కడో నా గొంతులాంటిదే ఒక గొంతు నా వెనక వెనకే మాట్లాడుతున్నట్టుంటే, ఎవరబ్బా ఇది అని కూడా అనుకున్నాను. ఆయన చెట్టు మీంచి అరుస్తూనే ఉన్నాడట, ఆపవే, ఆన్‌లో ఉందే అని. దిగడానికి ఎంతసేపు పడుతుంది? ఎనభై అడుగుల చెట్టు. ఈలోగా నేనింకా ఏవేవో చెప్పాను. ఆ చెంబు వాళ్ళ పెళ్ళిలో ఎవరు చదివించారో కూడా చెప్పాను. గుమ్మంలో నీడ పడింది. సంపూర్ణ. తెల్ల పట్టుచీర, తలలో తెల్ల గులాబీ. నన్ను చూడలేదు, నా ఒళ్ళోంచి మైకు తీసింది, మెషీను దగ్గరికెళ్ళి మీట తిప్పింది, ఎర్ర దీపం ఆరిపోయింది. మైకు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పెళ్ళి జరిగింది. మగపెళ్ళివారు పెద్దమనుషులు, ఏమీ విననట్టే భోజనాలు చేశారు. ఆ నిశ్శబ్దం, వంకాయ కూర వడ్డించే గరిటె చప్పుడు తప్ప ఏమీ లేకపోవడం, ఇప్పటికీ పీటల మీద భోజనానికి కూర్చుంటే వినబడుతుంది నాకు.

"సెట్ అసైడ్, పక్కన పెట్టుట. సెట్ రైట్, సరిచేయుట," పావని గొణుక్కుంటోంది. సరిచెయ్యాలని వెళ్ళాను నేను, వెళ్ళకపోలేదు. మూడు సార్లు మెట్లెక్కాను. కావాలని అనలేదే సంపూర్ణా అన్నాను, మైకు ఆగిందనుకున్నానే అన్నాను, నిన్ను పొగిడానే అన్నాను. తలుపు తీసి నిలబడి వినేది, విని వేసేసేది. నాలుగోసారి నాకూ పౌరుషం వచ్చి మానేశాను. దానికి తోడు ఊళ్ళో ఒక మాట పుట్టింది, ఆ పెళ్ళి తర్వాత ఏసురాజు గారు పెళ్ళాం మీద చెయ్యెత్తడం మానేశాడని. అందరికీ తెలిసిపోయాక ఎలా ఎత్తుతాడు అన్నారు. అసలు చెయ్యెత్తని మగాడు ఏ వీధిలో ఉన్నాడులే, మా వీధిలోనూ అంతే, కాకపోతే వాళ్ళవి మైకులో రాలేదు. ఆ మాట నేను పట్టుకున్నాను. చూశావా, నా నోరు మంచే చేసింది, నువ్వే అర్థం చేసుకోలేదు, అని ఎప్పుడో ఒకనాడు మొహం మీద అనాలని ఇరవై రెండేళ్ళు దాచుకున్నాను. ఈ పదిరోజులూ వంద రకాలుగా అనుకున్నవన్నీ చివరికి అక్కడికే వచ్చి ఆగాయి. దూది లేకపోతే ఈపాటికి అనేసేదాన్ని.

"ద రెయిన్ హాజ్ సెట్ ఇన్," అని పైకి చదివి పావని పెన్సిలు కొరికింది. "వర్షము లోపల అమర్చబడినది. ఇదేంటి మామ్మా, వర్షాన్ని లోపల ఎవడమరుస్తాడు?"

"అలా కాదమ్మాయ్," అంది ఎదురు బెంచీ.

పమిట చెంగు తీసేసింది. పై చిగురు మీద ఒక్క పన్ను లేదు, పెదవి లోపలికి పోయి మొహం చిన్నదైపోయింది, మాటలో గాలి పోతోంది. అయినా చెంగు తీసి ఒళ్ళో పెట్టుకుంది, బళ్ళో తప్పు వింటే ఊరుకోలేని మనిషి. "వాన పట్టుకుంది అని దానర్థం. వచ్చి వెళ్ళిపోయే జల్లు కాదు. ముసురు పడుతుంది చూడు, ఇక ఇప్పట్లో వదలదు అనుకుంటాం, అది. చలి గానీ, జబ్బు గానీ, దిగులు గానీ, ఏదైనా వచ్చి కూర్చుంటే అలా అంటారు. ఒక్కో మాటా విడిగా విప్పి అర్థం వెతక్కు, మొత్తం వాక్యం చూడు."

"థాంక్యూ మేడమ్! గైడులో తప్పే ఉందండి. మీరు టీచరాండీ?"

"ఒకప్పుడు. ఇప్పుడు మానేశాను. నువ్వు జగన్నాథరావు గారి మనవరాలివి కదూ? ఆయన చెవులే వచ్చాయి నీకు."

పావని చెవులు తడుముకుని నవ్వింది. అప్పుడే కాంపౌండరు చీటీ తెచ్చి, మాత్రలు వీధి చివర మెడికల్ షాపులో దొరుకుతాయన్నాడు. "మామ్మా, తెచ్చేస్తాను, నువ్వు మాట్లాడేవు సుమా. మేడమ్, కాస్త చూస్తుండండి, నోరు విప్పిందంటే తిట్టండి," అని అది వెళ్ళిపోయింది. రెండోవాళ్ళు కూడా లోపలికి వెళ్ళారు. మేమిద్దరమే మిగిలాం.

లారీ ఒకటి పోయింది. అద్దాలు ఆగేదాకా ఆగి సంపూర్ణ అంది, "నువ్వు మాట్లాడలేవు గనకే చెబుతున్నాను మాణిక్యం. లేకపోతే నీతో ఎవరూ ఒక వాక్యం పూర్తి చెయ్యలేరు."

తల దించుకున్నాను.

"ఆయన ఆ రోజు తర్వాత నా మీద చెయ్యెత్తలేదు. నిజమే. పోయేదాకా ఎత్తలేదు. ఊళ్ళో అంటున్నారని నాకు తెలుసు, నువ్వూ అనుకుంటున్నావని తెలుసు."

 చూశావా అన్న మాట దూది దాకా వచ్చేసింది. రెండు వేళ్ళు నోటి దగ్గరికి వెళ్ళాయి కూడా, దూది లాగేద్దామని.

"ఉండు. అది నీ గొప్పతనం కాదు," అంది. గొంతు పెంచలేదు, లెక్కల పాఠంలా చెబుతోంది. "నువ్వు అందుకోసం అనలేదు. నోరూరుకోక అన్నావు. మంచి జరిగితే జరిగింది, అది నీ ఖాతాలో వెయ్యను. నాకు ఉన్న ఒక్క మనిషివి నువ్వు. ఎవరికి ఏం చెప్పుకోవాలన్నా కాలవ దాటి నీ దగ్గరికే వచ్చేదాన్ని. ఆ రోజు తర్వాత కొట్టేవాళ్ళు లేరు, చెప్పుకునేవాళ్ళూ లేరు. ఆశాజ్యోతి మొదటి కాన్పులో బిడ్డ పోయింది, నీకు తెలుసా? తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెబుదామని బల్లకట్టు దాకా వచ్చి వెనక్కెళ్ళాను."

నాకు తెలియదు. మా ఊళ్ళో నాకు తెలియనిది ఉందని నాకు తెలియదు.

"మూడు సార్లు వచ్చావు. మూడు సార్లూ కావాలని అనలేదన్నావు, ఆగిందనుకున్నానన్నావు, పొగిడానన్నావు. తప్పు చేశానే అని ఒక్క మాట, దాని వెనక ఇంకేం లేకుండా ఒక్క మాట అంటావేమోనని తలుపు పట్టుకుని నిలబడేదాన్ని. నువ్వు అసలు ఆగితే కదా." ఊపిరి తీసుకుంది. "తప్పు కాదూ అది?"

అడిగి నా మొహంలోకే చూస్తోంది. మొద్దుబారిన పెదవి సగం తిమ్మిరి వదిలి సూదులు గుచ్చుతోంది. గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాలు. చెప్పడానికి ఎన్ని ఉన్నాయో, ఎర్ర దీపం సంగతి, చెట్టు సంగతి, ఆ రాత్రి మా ఆయన నాతో అన్నం తినకుండా పడుకున్న సంగతి, ఒక్కొక్కటీ గొంతుదాకా వస్తోంది, వచ్చి తడిసిన దూది దగ్గర ఆగుతోంది. వేళ్ళు కిందికి దించి ఒళ్ళో పెట్టుకున్నాను. అవునని తల ఊపాను. ఇంకోసారి ఊపాను. అంతే, ఇంకేం చెయ్యలేదు. కళ్ళజోడు మసకబారింది, తీసి తుడుచుకోలేదు.

 సంపూర్ణ గోడ బొమ్మ వైపు కాకుండా వీధి వైపు చూసి, "ఎండ ముదిరింది," అంది.

లోపల్నుంచి పేరు పిలిచారు. లేచింది. మోకాళ్ళు పట్టేసి ఒక నిమిషం బెంచీ పట్టుకుని నిలబడింది. చేతిసంచీ భుజానికి తగిలించుకోబోయి, ఆగి, అటు నుంచి ఇటు నాలుగడుగులు వేసి, నా ఒళ్ళో పెట్టింది. "చూస్తూ ఉండు," అని లోపలికెళ్ళిపోయింది.

బరువుగా ఉంది సంచీ. పైన గొడుగు పిడి, పక్కన మంచినీళ్ళ సీసా, జిప్పు సగం తెరిచే ఉంది. రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. లోపలేముందో చూడలేదు.

పావని చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి దాని ఫోన్‌లో అలారం మోగింది. "అయిపోయింది మామ్మా, తీసెయ్యి, విముక్తి! ఆటో ఆయన బయట గోల పెడుతున్నాడు, పద," అంటూ కాగితం పట్టింది. దూది తీసి అందులో పెట్టాను. నాలిక కదిపి చూసుకున్నాను, కదిలింది.

"ఆటో పంపించెయ్యి," అన్నాను. "ఆవిడ రావాలి."

అప్పుడు చూసింది నా ఒళ్ళో సంచీ. పక్కన చతికిలబడి, గైడు పక్కన పెట్టేసి, కళ్ళు పెద్దవి చేసుకుని, "నాకు తెలుసు, ఏదో ఉంది! ఆవిడకి నువ్వు తెలుసు, తాతయ్య తెలుసు, నేనెప్పుడూ మన ఇంట్లో ఆవిణ్ణి చూడలేదు. ఎవరు మామ్మా? ఏంటి కథ? మొదట్నుంచీ చెప్పు," అంది.

"నాతో చదువుకుంది. మూడో తరగతి దాకా."

"ఊఁ. ఇంకా?"

"ఇంకేం లేదు," అన్నాను.